ఎరుపు చాలని ముఖాలు

"ఇందులో ఒక్క పిల్లయినా బతికున్నట్టుందా?" అంటూ అత్తగారు పుస్తకాన్ని భోజనాల బల్ల మీద పడేసింది. మంచినీళ్ళ గ్లాసు కదిలి ఒలికింది. పుస్తకం అంచు తడుస్తోంది. ఎవరూ తుడవలేదు.

పెద్దకోడలు తల వంచుకుని ఆ పుస్తకం వంకే చూస్తోంది. తెరుచుకున్న పేజీలో రెండో తరగతి పిల్లలు వరసగా నిలబడి నవ్వుతున్నారు. నవ్వులకేం, బాగానే ఉన్నాయి. ముఖాలే పాలిపోయి, చెంపల కింద పాచిరంగు పట్టి, చూసేవాళ్ళ గుండె ఝల్లుమనేలా ఉన్నాయి.

బడివాళ్ళు తమ వార్షిక సంచిక కట్టలన్నీ పొద్దున్నే వెనక్కి పంపేశారు. వాటి వెనకాలే పెద్ద టీచరమ్మ కూడా వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల మీదే నిలబడి, మేం వేయించుకున్నది బడి పుస్తకమా శవాల పంచనామానా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. మామూలుగా ఆవిడ గట్టిగా దగ్గే మనిషి కూడా కాదు.

కింద ప్రెస్సు, పైన ఇల్లు కావడంలో ఒక సుఖముంది. పనికి నడిచి వెళ్ళక్కర్లేదు. కష్టం కూడా అదే. పనిలో జరిగిన తప్పు నడిచే శ్రమ లేకుండా నేరుగా అన్నం దగ్గరికి వచ్చేస్తుంది.

"వాడున్నన్నాళ్ళూ ఈ ప్రెస్సు గడప దాటిన కాగితం ఒక్కటి వెనక్కి రాలేదు," అంది అత్తగారు.

వాడంటే ఆవిడ పెద్దకొడుకు. బజార్లో అందరికీ రంగులాయన. కింది గదిలో కంప్యూటరు ముందు కూర్చుని పేజీలు కూర్చేవాడు, ఫొటోలు దిద్దేవాడు. తెర మీద కనబడిన రంగు కాగితం మీద అలాగే దిగడం అనేది చాలా ప్రెస్సుల్లో దేవుడి దయ. ఆయన దగ్గర మాత్రం అది లెక్క. చీరల కొట్టువాళ్ళు, సబ్బుల కంపెనీవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. కిందటి వానాకాలంలో ఆయన పోయాక, ఆయన దగ్గరే పని నేర్చుకున్న పెద్దకోడలు ఆ కుర్చీలో కూర్చుంది. చిల్లర పనులు సాగిపోయాయి. నిండా ముఖాలున్న పని రావడం ఇదే మొదలు.

మొదలంటే పూర్తిగా నిజం కాదు. మొన్నామధ్య ఆమె ఆయన ఫొటోనే పెద్దది చేసి అచ్చు వేయించింది, హాల్లో పెడదామని. పెదవులు నీలంగా, బుగ్గలు బూడిదగా వచ్చాయి. తెర మీద ఎంత చక్కగా ఉన్నాడో, కాగితం మీద అచ్చం ఆ రోజు ఇంటికి తెచ్చినప్పటిలా ఉన్నాడు. అత్తగారు అది చూసి, "నా కొడుకుని రెండోసారి చంపావు" అంది. ఆ ఫొటో ఇప్పుడు బీరువా వెనక ఉంది.

మొదటిసారి ఎలా చంపిందో కూడా అత్తగారు మర్చిపోనివ్వదు. ఇప్పుడూ మర్చిపోనివ్వలేదు.

"ఇంట్లో ఉన్నా లేకపోయినా ఒకటే అన్నావు. వాడు విని బండెక్కాడు. లేకుండానే పోయాడు. ఇప్పుడు వాడి పేరు కూడా పోగొడుతున్నావు."

ఆ మాట ఆమె అన్నది నిజమే. కాదని ఎప్పుడూ అనలేదు. చివరి ఏడాది ఆయన మనిషి మనిషిలా లేడు. కింది గది తలుపు గడియ పెట్టుకుని కూర్చునేవాడు. ఏమిటంటే ఏమీ లేదనేవాడు. ఆ సాయంత్రం విసిగిపోయి ఒక మాట అనేసింది. ఆయన బండి తీసుకుని వెళ్ళాడు. బజారు చివర రోడ్డు తవ్వి ఎర్రదీపం పెట్టారు. దూరం నుంచి గుడ్డివాడికి కూడా కనబడేంత దీపం అని చూసినవాళ్ళందరూ అన్నారు. ఆయన దాన్ని దాటుకుని సరాసరి గోతిలోకి వెళ్ళిపోయాడు. మనసు మనసులో లేక అన్నారు. మనసెందుకు లేదో చెప్పే బాధ్యత అత్తగారు తీసుకుంది.

"ఆ కుర్చీలోంచి లే," అంది అత్తగారు. "పక్కవీధి ప్రెస్సు ఆపరేటర్ని రమ్మన్నాను. అన్నాలయ్యాక వస్తాడు. నువ్వు కొన్నాళ్ళు మీ అన్నయ్యగారింటికి వెళ్ళు."

కొన్నాళ్ళు అనే మాటకి కొన్ని ఇళ్ళలో ఎంత పొడవుంటుందో పెద్దకోడలికి తెలుసు. ఆమె మరిది వంక చూసింది. రంగులాయన తమ్ముడు, మిషను నడిపేవాడు, పళ్ళెంలోకి చూస్తూ ముద్ద కలుపుతున్నాడు. చాలాసేపటి నుంచి కలుపుతూనే ఉన్నాడు.

ఆమెకి మొగుడు పోయాక మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే. దాంట్లో కూర్చుంటే తానింకా ఈ ఇంటి మనిషే. లేస్తే, మొగుణ్ణి మాటతో చంపి పని చేతకాక వెళ్ళిపోయిన మనిషి.

"అతను వచ్చేదాకా ఆగండి అత్తయ్యా," అంది. "తప్పెక్కడుందో చూపిస్తాను. చూపించలేకపోతే నేనే లేస్తాను."

అత్తగారు ఔననలేదు, కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, ఆవిడ మౌనంలో పావు వంతు కూడా అంగీకారం కనబడదు.

కింది గదిలోకి, ప్రెస్సులో పుస్తకాలు బైండింగు చేసే ఆవిడ అడుగు పెట్టదు. కాగితాలు కావలసి వస్తే గుమ్మం బయటి నుంచే చెయ్యి చాస్తుంది. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడమ్మా అని ఆవిడ నమ్మకం. కుర్చీ కిర్రుమనడం తన చెవులతో విన్నానంటుంది. పెద్దకోడలు పైకి నవ్వేస్తుంది. లోపల నవ్వదు. ఎందుకంటే ఆమెకీ అలాగే ఉంటుంది, కాకపోతే కుర్చీలో కాదు, తెరలో.

తెర వెలిగించగానే గదిలోకి ఒక వెచ్చదనం వస్తుంది. ఏ ఫొటో తెరిచినా ముఖాలు అప్పుడే పరుగెత్తి వచ్చినట్టు ఎర్రబడి ఉంటాయి. తెల్లకాగితం కూడా సాయంకాలపు ఎండలో పెట్టినట్టుంటుంది. ఆయన వెనక నిలబడి భుజం మీదుగా చూస్తున్నాడనిపిస్తుంది. ఆ వెచ్చదనాన్ని కాసేపు అలా అనుభవించి, తర్వాత బుద్ధి తెచ్చుకుని, ముఖాల్లోంచి ఎరుపు కాస్త కాస్త తీసేసి, మామూలు మనుషుల్లా కనబడేదాకా దిద్ది, అచ్చుకి పంపుతుంది. ఇన్ని నెలలుగా ఆమె చేస్తున్న పని అదే.

ఇవాళ కాగితాన్ని తెర పక్కన ఆనించి పెట్టి చూసింది. తెర మీద రెండో తరగతి పిల్లలు బంగారంలా ఉన్నారు. కాగితం మీద అదే పిల్లలు, అదే నవ్వులు, ప్రాణం లేదు. వీళ్ళకి తెలియకుండా వీళ్ళ ప్రాణం నేనే తీసి ఈ డబ్బాలో దాచుకున్నానేమో అనిపించింది.

అలా అనిపించడం వల్ల కుర్చీ దక్కదు. ఆమె వరసగా వెతికింది. తెర మీద రంగులు వెలుతురుతో అవుతాయి, కాగితం మీద సిరాతో అవుతాయి. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చేటప్పుడే సగం ప్రెస్సులు కొంప ముంచుకుంటాయి. ఆ మార్పిడి చూసింది, సరిగానే ఉంది. ఏ కాగితానికి ఏ సిరా ఎంత పీల్చుకుంటుందో చెప్పే ఫైలు చూసింది, అదీ ఆయన పెట్టినదే, సరిగానే ఉంది. నాలుగు సిరాల అంకెలు చూసింది. గులాబి సిరా ప్రతి చెంపలోనూ తక్కువగా ఉంది. తక్కువ చేసింది ఎవరు? తనే. ఎందుకు చేసింది? తెర మీద ఎక్కువగా కనబడింది గనక.

ఇక చూడకుండా మిగిలింది తెర ఒక్కటే.

ఈ గదిలో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. తెర మీటలు ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన బతికుండగా అది రూలు. పోయాక అది అంతకంటే ఎక్కువైంది. ఆమె తెర మీద దుమ్ము తుడిచేటప్పుడు కూడా మీటల దగ్గర గుడ్డ తగలనిచ్చేది కాదు. ఆయన వేలు చివరిసారి తగిలినచోటు అది. వేరే ఏ ఇంట్లోనైనా ఇంకో మనిషి వచ్చి ఠక్కున మార్చేసి ఉండేవాడు. ఈ ఇంట్లో ఎవరూ మార్చరు.

కింది సొరుగులోంచి తాబేలుని తీసింది. తాబేలంటే రంగు కొలిచే పరికరం. నల్లగా, అరచేతిలో ఇమిడేలా ఉంటుంది. తెరకి అంటిస్తే ఏ రంగు ఎంత వెలుగుతోందో కొలిచి, తప్పుంటే దిద్దుతుంది. ఒకప్పుడు వారానికోసారి ఆయన దాన్ని అందరి ముందూ తెరకెక్కించేవాడు. తాబేలు పరీక్ష పెడుతోంది, ఎవరూ మాట్లాడకండి అనేవాడు. తర్వాత్తర్వాత గడియ పెట్టుకుని ఎక్కించడం మొదలుపెట్టాడు. తర్వాత ఎక్కించడమే మానేశాడు. దాని వీపు మీద ఇప్పుడు దుమ్ము పేరుకుని ఉంది.

ఆమె దాన్ని తెరకి అంటించింది. తెర ఒకసారి ఎర్రబడింది, ఒకసారి పచ్చబడింది, ఒకసారి నీలమైంది. గది గోడల మీద ఆ రంగులు మారుతుంటే ఆమె కాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. కాసేపటికి తాబేలు తన పని ముగించింది. పాత అమరిక, కొత్త అమరిక అని కింద రెండు మీటలు వచ్చాయి.

కొత్తది నొక్కింది. తెరలోంచి ఎరుపు ఒక్కసారిగా దిగిపోయింది. రెండో తరగతి పిల్లలు కాగితం మీద ఎలా ఉన్నారో తెర మీదా అలాగే అయిపోయారు. తెర మొదటిసారి నిజం చెప్పింది.

పాతది నొక్కింది. ప్రాణం వచ్చింది. కొత్తది నొక్కింది. పోయింది.

ఊరు మొత్తం మీద రంగు తెలిసిన మనిషి ఆయన. ఇంత ఎరుపు పొరపాటున పెట్టుకోడు. ఎవరికి కావాలి ఇంత ఎరుపు? మామూలు ఎరుపు అందని కళ్ళకి కావాలి. చూపు తగ్గినవాడు కళ్ళద్దాలు పెట్టుకుంటాడు. ఈయన కళ్ళద్దాలు తను పెట్టుకోకుండా తెరకి పెట్టాడు.

ఆ ఆలోచన వచ్చాక ఇక ఆగలేదు. గడియ పెట్టిన తలుపు. ఏమీ లేదు అనడం. బజారు చివర గొయ్యి, దూరం నుంచి అందరికీ కనబడిన ఎర్రదీపం. పెద్దకోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇన్ని నెలలుగా ఆయన తన వెనక నిలబడ్డాడనుకుంది. కాదు. తనే ఆయన కళ్ళలోపల కూర్చుని లోకాన్ని చూసింది. చూసి, ఇది ఎక్కువైంది అనుకుంటూ తుడిచేసింది.

ఏడవడానికి కూడా టైము లేదు. తెరని కొత్త అమరికలోనే ఉంచింది. కెమెరా తీసిన అసలు ఫొటో తెరిచింది. తను తీసేసిన ఎరుపు అందులో క్షేమంగా ఉంది. చిన్న ప్రింటరు మీద ఒక కాగితం తీసి తెర పక్కన పెట్టింది. పిల్లల బుగ్గలు ఇక్కడా ఎర్రగానే ఉన్నాయి, అక్కడా ఎర్రగానే ఉన్నాయి. రెండూ ఒకటే. పేజీని తెర మీద అలాగే వదిలేసి, ఆ కాగితం పట్టుకుని పక్కనే ఉన్న మిషను గదిలోకి వెళ్ళింది.

మరిది మిషను పక్కన నిలబడి రోలర్లు తుడుస్తున్నాడు. ఆమె కాగితం చాపింది. అతను తీసుకుని, చూసీ చూడనట్టు చూసి, బాగుంది వదినా అని వెంటనే తిరిగిచ్చేశాడు. చూడమని అడిగిన కాగితాన్ని మిషనువాడు దీపం కిందికి తీసుకెళ్ళకుండా బాగుందనడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కానీ అప్పుడామె దృష్టి దాని మీద లేదు.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?" అంది.

"ఏంటి వదినా?"

"ఆయనకి ఎరుపు కనబడదని."

అతను గుడ్డ కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. తుడిచిన రోలరునే మళ్ళీ తుడిచాడు. నీకెవరు చెప్పారని గానీ, అదేం మాటని గానీ అడగలేదు. దాంతోనే ఆమెకి సగం అర్థమైంది. మిగతా సగం అతనే చెప్పాడు, ఆగి ఆగి.

అన్నయ్య పోవడానికి ముందు ఏడాదంతా అదే వరస. మొదటి కాగితం చూసి సరే అనడానికి కిందికి వచ్చేవాడు. గులాబి పెంచరా అనేవాడు. మొదటిసారి పెంచాడు. ముఖాలన్నీ చెంపదెబ్బ తిన్నట్టు వచ్చాయి, కట్టంతా పారేశారు. తర్వాత నుంచి తమ్ముడు తెలివి మీరాడు. అన్నయ్య ముందు సిరా మీట తిప్పేవాడు, అన్నయ్య వెళ్ళగానే వెనక్కి తిప్పేసేవాడు. ఒకరోజు అన్నయ్య వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నాటకం చాల్లేరా అన్నాడు. అప్పుడు చెప్పాడు.

కాగితం కొనడానికని ఇంట్లో చెప్పి ఇద్దరూ పై ఊరి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. చూపునరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. మందు లేదన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అన్నయ్య ఒట్టు వేయించుకున్నాడు. మీ వదినకి తెలిస్తే నన్ను ఆ కుర్చీలో కూర్చోనివ్వదు, చెప్పకు అన్నాడు.

"ఆ సాయంత్రం అచ్చు ప్లేట్లు తెచ్చిపెట్టమని అడిగింది నేనే," అన్నాడు మరిది. "బండి తాళం నా చేత్తోనే ఇచ్చాను. పొద్దు వాలుతోందని తెలుసు. పని తొందర, ఏం కాదులే అనుకున్నాను."

పెద్దకోడలికి కోపం రావడానికి కూడా కొంత వ్యవధి పట్టింది.

"నా మాటకే ఆయన పోయాడని ఈ ఇంట్లో పూటపూటా అంటుంటే, నువ్వు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు," అంది.

అతను బతిమాలుకున్నాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు. పెద్దవాడి చూపు పోతోందని తెలిసీ తాళం ఇచ్చాడని తెలిస్తే అమ్మ బతకదన్నాడు. ఈ ఇంట్లో ఎవరు బతకాలన్నా తన మీద ఒక నింద ఉండాల్సిందేనా అని ఆమెకి అనిపించింది. ఆ మాట పైకే అనేది. గుమ్మంలో అత్తగారు కనబడింది.

ఆపరేటరు వచ్చే వేళయిందని దిగి వచ్చింది ఆవిడ. కుర్చీ అప్పగింత దగ్గరుండి చూద్దామనుకుందేమో. కోడలు ఇక ఆగలేదు. ఆగాల్సిన అవసరం కూడా కనబడలేదు.

"తప్పు దొరికింది అత్తయ్యా. తెరలో ఉంది. మీ అబ్బాయికి ఎరుపు కనబడేది కాదు. చూపు పోతోంది ఆయనకి."

అయ్యో అంటుందనుకుంది. అబద్ధం అంటుందనుకుంది. నోటికొచ్చినట్టు తిడుతుందేమోనని కూడా అనుకుంది. అత్తగారు కోడలి వంక చూడనేలేదు. చిన్నకొడుకు వైపు తిరిగింది.

"దీనికి నువ్వే చెప్పావా?"

అమ్మకి తెలియకూడదని చిన్నకొడుకు కాపలా కాస్తున్నాడు. అమ్మ అదే నిజానికి, ఇంకో వైపు నిలబడి, అతని కంటే ముందు నుంచి కాపలా కాస్తోంది.

పెద్దకోడలు మిషను పట్టుకుని నిలబడింది. అందరికీ తెలుసు. తెలియంది తనొక్కదానికే. ఆ తెలియని మనిషి మీదే నింద మోపారు.

అత్తగారు కాగితం కట్ట మీద కూలబడింది. ఆవిడ గొంతులో ఇందాకటి పదును లేదు. తన తమ్ముడికీ ఇలాగే మొదలైందని చెప్పింది. మొదట ఎరుపు పోయింది, తర్వాత అక్షరాలు పోయాయి, తర్వాత ఎదురుగా నిలబడ్డ అక్క పోయింది. ఆవిడ పుట్టింటి వైపు నుంచి వచ్చే జబ్బు అది. ఆడవాళ్ళ కడుపున దాక్కుని మగపిల్లల కళ్ళలోకి వస్తుంది. ఒకరోజు పెద్దకొడుకు బజారు నుంచి తెచ్చిన టమాటాలు పళ్ళెంలో పోస్తూ, పండువీ పచ్చివీ చూసుకోకుండా ఒక్కచోటే పోశాడు. ఆ రోజే ఆవిడకి తెలిసింది. అడగలేదు. అడిగితే ఔనంటాడని భయం.

"మరి నన్నెందుకు అన్నారు అత్తయ్యా?"

అత్తగారు చీర కొంగు మడత పెట్టింది, విప్పింది.

"ఎవర్నో ఒకర్ని అనకపోతే నన్ను నేను అనుకోవాలి కదే," అంది.

ఇందులో క్షమాపణ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. అయినా పెద్దకోడలికి గుండెల మీంచి ఏదో దిగింది. వెంటనే, ఇన్నాళ్ళూ మోయాల్సిన అవసరమే లేనిది మోశానన్న ఉక్రోషం దాని చోటులోకి వచ్చి కూర్చుంది. కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, వాళ్ళు చూడనీ అనుకుంది.

మరిది జేబులో ఫోను మోగింది. ఆపరేటరే. అత్తగారు రావద్దని చెప్పమంది. ఇంటి మనిషి ఉండగా పైవాళ్ళెందుకు అంది. ఇంటి మనిషి అనే మాట ఆవిడ నోట ఎంత మామూలుగా వచ్చిందంటే, ఇందాక అన్నగారింటికి వెళ్ళమన్నది ఇంకెవరో అనుకోవాలి. కుర్చీ దక్కింది. ఇలా దక్కుతుందని తెలిస్తే పెద్దకోడలు కోరుకునేదో లేదో.

అత్తగారు లేవబోయి, పక్కనున్న వాపసు కట్టలోంచి ఒక పుస్తకం తీసింది. పేజీ తిప్పింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఒరేయ్," అంది చిన్నకొడుకుతో. "ఇది తెర చూసి మోసపోయింది, సరే. నువ్వు తెర చూడవు, కాగితం చూస్తావు. ఇన్ని వేల కాగితాలు నీ చేతి మీదుగా దిగాయి. ముఖాలు ఇలా పాలిపోయి ఉంటే ఒక్కసారైనా మిషను ఆపి చెప్పలేదేం?"

ఎవరూ అడగని ప్రశ్న అది. పెద్దకోడలికి కూడా తట్టలేదు. మరిది రోలరు వంక చూశాడు.

"నాకూ పాలిపోయినట్టే కనబడ్డాయమ్మా. గులాబి తక్కువైంది అనాలనుకున్నాను. అన్నయ్య అనే మాట కదా అది." చేతిలో గుడ్డ మడతపెట్టాడు. "నాకూ మొదలైందనుకున్నాను. నోరు మూసుకుని వేసేశాను."

పెద్దకోడలికి ఆ క్షణంలో మరిది మీది కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. పిచ్చివాడా అనుకుంది. ఇంత భయం కడుపులో పెట్టుకుని, అన్ని వేల కాగితాలు ఒక్కొక్కటీ చూస్తూ, తప్పు కాగితానిదా నా కంటిదా అని లోలోపల ఛస్తూ మిషను నడిపాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"కాగితంలోనే ఎరుపు తక్కువ. అందుకే నీకు తక్కువగా కనబడింది. అంటే నీ కళ్ళు సరిగానే ఉన్నట్టు కదా," అంది. నవ్వింది కూడా. ఆ ఇంట్లో ఎవరైనా నవ్వి చాలా రోజులైంది.

అత్తగారు గబగబా లేచింది. ఆవిడ ముఖంలో ఆశ చూస్తే జాలేసింది. అది నిజమేనా, నిజమేనా అని కోడల్నే రెండుసార్లు అడిగింది.

"రండి, చూద్దురు గాని," అంది పెద్దకోడలు.

ముగ్గురూ కంప్యూటరు గదిలోకి వెళ్ళారు. పొద్దుట్నుంచి ఇంత గొడవకి కారణమైన కుర్చీని ఆమె తనే వెనక్కి లాగి, మరిదిని కూర్చోమంది. అతను మొహమాటపడుతూ అంచు మీద కూర్చున్నాడు. తెర మీద రెండో తరగతి పిల్లలు ఆమె వదిలి వెళ్ళినట్టే ఉన్నారు. బుగ్గలు దోరజామ పండ్లలా ఉన్నాయి. మూల నిలబడ్డ పిల్ల రిబ్బన్లు అంత దూరం నుంచి కూడా ఎర్రగా మెరుస్తున్నాయి. అత్తగారు వాటిని చూసి తృప్తిగా తలాడించింది. పెద్దకోడలు చేతిలోని కొత్త కాగితాన్ని తెర పక్కన ఆనించింది, అదీ అచ్చం అలాగే ఉంది.

"ఏం కనబడుతోందో చెప్పు," అంది పెద్దకోడలు.

మరిది ముందుకి వంగాడు. తెర చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ తెర చూశాడు. తల్లి చెయ్యి అతని కుర్చీ వీపు మీద ఉంది.

"చెబుతాను గానీ, ముందు తెర సరిచెయ్యి వదినా," అన్నాడు తేలిగ్గా. "ఈ పిల్లలు ఇంకా పాలిపోయే ఉన్నారు. సరిచేశాక చూసి చెబుతాను."

పెద్దకోడలు అత్తగారి వంక చూడలేకపోయింది. కింద రెండు మీటలు అలాగే ఉన్నాయి, పాత అమరిక, కొత్త అమరిక. మరిది తెర మీంచి కళ్ళు తిప్పకుండా, ఆమె నొక్కుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"సరిచెయ్యి అంటున్నాడు కదమ్మా," అంది అత్తగారు, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని. "ఏదో ఒకటి నొక్కు."